పాత మంగలికత్తికి కొత్త పదును: ఏ కత్తి, ఏ పద్ధతి, ఏ రాయి?

తుప్పుపట్టిన మంగలికత్తిని చేత్తో బాగుచేద్దామని కూర్చున్నవారు ముందుగా అడిగేది తుప్పు ఎలా వదులుతుందని. దానికి జవాబులు బోలెడు, వాటిలో సగం పనిచేస్తాయి కూడా. కానీ తేల్చుకోవాల్సిన సంగతి అంతకుముందే ఒకటి ఉంది. బల్లమీద పెట్టుకోబోయే కత్తి ఏది? తుప్పు తీయడంలో తేడా వస్తే మర్నాడు సరిచేసుకోవచ్చు. వాదర (కోసే పదునైన అంచు) దగ్గర బీట ఉన్న కత్తిని తెచ్చుకుంటే మాత్రం ఎన్నాళ్లు రుద్దినా చివరికి మిగిలేది తళతళలాడే పనికిరాని ఉక్కుముక్కే. అందుకే ఇక్కడ ఎక్కువ చోటు కత్తి ఎంపికకే ఇస్తున్నాను.

గడ్డం గీసుకోవడమే మీ ఉద్దేశమైతే అసలు పాత కత్తి జోలికి పోకండి. పదును పెట్టి సిద్ధంగా అమ్మే కత్తి కొనుక్కోండి. బాగుచేయడం, సాన పట్టడం, గీసుకోవడం మూడూ వేర్వేరు విద్యలు. మూడింటినీ ఒక్కసారే మొదలుపెడితే, చర్మం మండినప్పుడు తప్పు అలుగుదో (కోసే ఉక్కు భాగానిదో) పదునుదో చేతిదో తేలదు. ఇక్కడి నుంచి చెప్పేదంతా చేతిపని మీద మక్కువ ఉన్నవారి కోసం.

అలుగు ఆకారం

మంగలికత్తి అలుగును అడ్డంగా కోసి చూసినట్టు ఊహించుకోండి. కొన్నింటి పక్కలు వెన్ను (వాదరకు ఎదురుగా ఉండే మందమైన అంచు) నుంచి వాదర దాకా దాదాపు తిన్నగా దిగుతాయి, మేకు ఆకారంలో. ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో 19వ శతాబ్దం తొలి సగంలో తయారైన బరువైన కత్తులు ఎక్కువగా ఈ రకం. కొన్నింటి పక్కలు బాగా లోపలికి గుల్లగా తొలిచి ఉంటాయి. వాదర దగ్గరి ఉక్కు ఎంత పలుచనంటే గోటితో ఒత్తితే కొద్దిగా వంగి మళ్లీ నిలబడుతుంది. జర్మనీలోని జోలింగెన్ పనివారు ఈ పనితనానికి పేరుపొందారు. ఈ రెంటికీ మధ్యన సగం గుల్ల చేసినవి.

చాలామంది కొత్తవారు మేకు ఆకారపు కత్తి వైపు మొగ్గుతారు. మందంగా, దిట్టంగా కనబడుతుంది కదా. ఉప్పుకాగితానికి ఆ నమ్మకం సరిపోతుంది: పక్కలు తిన్నగా ఉన్నాయి కాబట్టి కాగితం అంతటా సమంగా ఆనుతుంది, ఎంత నొక్కినా విరగదు. సానరాయి దగ్గరికి వచ్చేసరికి కథ తిరగబడుతుంది. రాయి మీద పడుకోబెట్టినప్పుడు ఆనే ఉక్కు ఎక్కువ, అరగాల్సింది ఎక్కువ, వాదర తేలడానికి (అంచు దాకా పదును రావడానికి) పట్టే సమయం ఎక్కువ. పూర్తిగా గుల్ల చేసినది దీనికి సరిగ్గా వ్యతిరేకం. రాయి మీద చకచకా పదునెక్కుతుంది, కానీ ఆ వంపులోకి కాగితం దిగదు, దిగేలా నొక్కితే పలుచటి అలుగు పుటుక్కుమంటుంది. కాగితానికి సులువైనది రాయికి కష్టం, రాయికి సులువైనది కాగితానికి గండం. అందుకని మొదటి కత్తిగా సగం గుల్ల చేసినదాన్నే ఎంచుకోమంటాను.

వెడల్పు అంగుళంలో ఎనిమిదో వంతుల లెక్కన చెబుతారు. 5/8 అంటే సుమారు 16 మిల్లీమీటర్లు, 6/8 అంటే 19. ఈ రెంటిలో ఏదైనా మంచిదే. అంతకంటే వెడల్పైనవి చూడముచ్చటగా ఉంటాయి, చెయ్యి కుదిరాక తీసుకోండి. వాదర తిన్నగా ఉన్నది మేలు. నవ్వుతున్న పెదవిలా కిందికి వంగిన వాదర చెడ్డదేమీ కాదు, కాకపోతే సాన పట్టేటప్పుడు కత్తిని మడమ (పిడి వైపు కొస) నుంచి కొన దాకా దొర్లిస్తూ నడపాలి. ఆ చేతివాటం తొలిరోజుల్లో రాదు. మధ్యలో లోపలికి పోయిన వాదరైతే పక్కన పెట్టేయండి. రెండు కొసలూ అరిగి మధ్యభాగంతో కలిసేదాకా ఉక్కు పోతూనే ఉంటుంది.

కొనేముందు చూడాల్సినవి

తుప్పు రంగు చూసి భయపడాల్సిన పనిలేదు, ధైర్యపడాల్సిన పనీ లేదు. అది ఎక్కడ ఉందన్నదే ముఖ్యం. ఎర్రటి పొడి తుప్పు పైపైనే ఉంటుంది, చాలావరకు చేత్తో రుద్దితేనే పోతుంది. నల్లగా పట్టుకున్న మచ్చల కింద గుంటలుంటాయి. అలుగు మధ్యలోనో వెన్ను పక్కనో ఉన్న గుంట కత్తి వయసు చెబుతుందంతే, గీసుకోవడానికి అడ్డు రాదు. అదే గుంట వాదరకు ఒక మిల్లీమీటరు లోపల ఉంటే, సాన పట్టినప్పుడు అక్కడి అంచు పొడిపొడిగా రాలుతుంది. అమ్మేవారు అలుగును వెలుగులో మెరిపించి తీసిన ఫొటో పెడతారు. మీకు కావాల్సింది వాదరను దగ్గరగా, రెండువైపులా తీసినది. అడగండి. ఇవ్వకపోతే వదిలేయండి.

బీట కంటికి ఆనదు. కత్తి చేతికొచ్చాక అలుగుకు పలుచటి నూనె రాసి, పొడిబట్టతో శుభ్రంగా తుడిచి, కాసేపు ఆగి భూతద్దంతో వాదర వెంట చూడండి. బీట ఉంటే అందులోకి దిగిన నూనె సన్నటి గీతలా పైకి ఊరుతుంది. బీట వాదర నుంచి పైకి పాకుతోందంటే ఆ కత్తి పని అయిపోయినట్టే. చిన్న గాట్ల సంగతి వేరు, వాటిని రాయి తీసేస్తుంది.

వెన్ను అరుగుదల చాలామంది పట్టించుకోని అంశం. సాన పట్టేటప్పుడు మంగలికత్తి వాదరా వెన్నూ రెండూ రాయికి ఆనే ఉంటాయి. వాదర కోణాన్ని నిర్ణయించేది వెన్ను మందమే. దశాబ్దాల పాటు గట్టిగా రుద్దిన కత్తి వెన్నుమీద చదునైన పట్టీ ఏర్పడుతుంది. సన్నటి పట్టీ సహజం. అది బాగా వెడల్పై, ఒకవైపు ఎక్కువ, మరోవైపు తక్కువ ఉంటే అలుగు మెలితిరిగిందేమో అనుమానించాలి. కొలిచి చూడటం ఉత్తమం. వెన్ను నుంచి వాదర దాకా వెడల్పును వెన్ను మందంతో భాగించండి. మూడున్నర దగ్గర వస్తే కోణం 16 డిగ్రీల చుట్టుపక్కల ఉన్నట్టు, అంటే ఆరోగ్యమే. ఉదాహరణకు 16 మిల్లీమీటర్ల వెడల్పుకు నాలుగున్నర మిల్లీమీటర్ల వెన్ను. భాగఫలం నాలుగు దాటితే వాదర మరీ పలుచనై నిలవదు. మూడు కంటే తగ్గితే మొద్దుబారి గీకుతున్నట్టు ఉంటుంది. కాలిపర్ (మందం కొలిచే పరికరం) చేతిలో ఉంటే ఇది నిమిషం పని, అయినా ఎవరూ చేయరు!

తయారీ ముద్ర గురించి మోజు ఎక్కువ. షెఫీల్డ్, జోలింగెన్, ఫ్రాన్స్‌లోని తియేర్, స్వీడన్‌లోని ఎస్కిల్‌స్టూనా పేర్లున్న కత్తుల ఉక్కు చాలావరకు నమ్మదగిందే. ముద్రలో దేశం పేరు కూడా ఉంటే వయసు గురించి చిన్న ఆధారం దొరుకుతుంది: 1890 నాటి అమెరికా సుంకాల చట్టం వల్ల 1891 నుంచి అక్కడ దిగుమతయ్యే సరుకుల మీద దేశం పేరు వేయక తప్పలేదు. ‘ఇంగ్లండ్’ అనో ‘జర్మనీ’ అనో ఉంటే సాధారణంగా ఆ తర్వాతిదే. లేకపోతే అంతకుముందుదేనని మాత్రం చెప్పలేం. ఇదంతా సరదాకు బాగుంటుంది గానీ, గొప్ప పేరున్న బీటపడ్డ కత్తి కంటే ఊరూపేరూ లేని నిండైన వాదరే మీకు పనికొస్తుంది.

తాతగారి కత్తితో మొదలుపెట్టాలన్న కోరిక చాలామందికి ఉంటుంది. వద్దు. దాన్ని నూనె రాసి బట్టలో చుట్టి దాచండి, ముందు అనామకమైన వాటి మీద చెయ్యి తిప్పుకోండి.

తుప్పు వదిలించడం

ఉక్కు జోలికి పోకుండా తుప్పును మాత్రమే పట్టుకుని కరిగించే నీటి ద్రావణాలు దొరుకుతాయి. పని నిదానం, చెడగొట్టే అవకాశం తక్కువ. కాసేపటికోసారి తీసి చూసి, మెత్తటి బ్రష్షుతో రుద్ది, మళ్లీ ముంచాలి. తీశాక అలుగు బూడిదరంగులో నిస్తేజంగా కనబడితే కంగారుపడకండి, పాలిష్‌తో పోతుంది. పిడిని ఆ ద్రావణంలో ముంచవద్దు. పిడి ఊడదీయకుండానే ద్రావణంలో తడిపిన బట్టను అలుగుకు చుట్టి, ఆరకుండా పైన ప్లాస్టిక్ కవరు కప్పితే చాలు.

వెనిగర్ చవక, అందరికీ అందుబాటులో ఉంటుంది. దానికి తుప్పు, ఉక్కు అనే తేడా తెలియదు, రెంటినీ తింటుంది. ఆదమరిస్తే అలుగంతా మసకబారి, గుంటలు మరింత లోతవుతాయి, పలుచటి వాదర ముందుగా దెబ్బతింటుంది. వంటింటి కత్తికైతే సరేననేవాణ్ణి. కరెంటు పంపి తుప్పు తీసే పద్ధతి బరువైన పనిముట్లకు బాగుంటుంది గానీ, గట్టిపరిచిన పలుచటి ఉక్కులోకి హైడ్రోజన్ చేరి పెళుసుబారే ప్రమాదం ఉంది. స్టెయిన్‌లెస్ ముక్కను రెండో ధ్రువంగా వాడితే విషపూరితమైన క్రోమియం సమ్మేళనాలు కూడా పుడతాయి. మంగలికత్తి కోసం ఇంత హంగామా అక్కర్లేదు.

పైపై తుప్పే అయితే వీటిలో ఏదీ వద్దు. నూనె వేసి, బాగా సన్నటి ఉక్కుపీచుతో రుద్దండి. నా లెక్కలో మొదట ప్రయత్నించాల్సింది ఇదే. తీరని చోట ద్రావణం, అప్పటికీ తీరకపోతేనే ఉప్పుకాగితం.

అలుగు మీద బంగారు పూతతో చెక్కిన బొమ్మలో అక్షరాలో ఉంటే అవి పాలిష్ పేస్టుకే లేచిపోతాయి. ఆ భాగాన్ని ముట్టుకోకండి.

చేయా, యంత్రమా?

తిరిగే చక్రానికి పాలిష్ బట్ట తగిలించి పది నిమిషాల్లో అద్దంలా చేయవచ్చునని ఆశ పుడుతుంది. మంగలికత్తి ఉక్కును గట్టిపరిచాక, పెళుసుదనం తగ్గించడానికి మళ్లీ కొద్దిపాటి వేడి చూపిస్తారు, అది సుమారు 200 డిగ్రీల సెల్సియస్ లోపే. ఆ వేడి దాటితే గట్టిదనం జారిపోవడం మొదలవుతుంది. వాదర దగ్గర ఉక్కు పలుచన కాబట్టి వేడి పోయే దారి ఉండదు, క్షణాల్లో కాలుతుంది. లేత గడ్డిరంగు కనబడిందంటే హద్దు దాటినట్టు, నీలం తిరిగిందంటే అక్కడ ఇక పదును నిలవదు. చక్రం అలుగు అంచును పట్టి లాగి విసిరేసిందంటే ఏం జరుగుతుందో చెప్పనక్కర్లేదు. అనుభవజ్ఞులు యంత్రం వాడతారు, నిజమే. కొత్తవారికి చెయ్యే దిక్కు.

చేతిపనికి ఒక పద్ధతి ఉంది. ముందు వాదరను చంపేయాలి: గాజు గ్లాసు అంచు మీద బరువు వేయకుండా ఒక్కసారి నెమ్మదిగా లాగితే తోలు కోసే పదును పోతుంది. ఎలాగూ కొత్త పదును పెట్టబోతున్నారు కాబట్టి నష్టం లేదు, వేళ్లు మిగులుతాయి. తర్వాత అలుగును చెక్క దిమ్మె మీద, వాదర గాలిలో వేలాడకుండా దిమ్మె అంచు లోపలే ఉండేలా పడుకోబెట్టండి. కాగితాన్ని నేరుగా వేలితో నొక్కకుండా చిన్న బెండు ముక్కకు చుట్టండి. గుల్ల వంపులోకి దిగేలా ఆ బెండునే గుండ్రంగా అరగదీసుకోవచ్చు. నీరూ నూనే తట్టుకునే కాగితమే తీసుకోవాలి. కదలిక ఎప్పుడూ పొడవునా గానీ, వెన్ను నుంచి వాదర వైపు గానీ. వాదరకు ఎదురుగా ఒక్క రాపిడి కూడా ఉండకూడదు. వేళ్లు తెగేది ఎప్పుడూ అక్కడే.

కాగితం ఏ నంబరుతో (నంబరు పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది) మొదలుపెట్టాలన్నది గుంటల లోతును బట్టి ఉంటుంది. తేలికైన మచ్చలకు 600 చాలు. మొండివాటికి 320 లేదా 400, అక్కణ్నుంచి 600, 800, 1000, 1500, 2000. ప్రతి నంబరు దగ్గరా ముందరి కాగితం గీసిన గీతలు పూర్తిగా పోయేదాకా ఆగాలి. నంబరు మార్చినప్పుడల్లా రుద్దే దిశ కొంచెం మారిస్తే పాత గీతలు ఏటవాలుగా బయటపడతాయి, దాక్కోలేవు. 1500 దగ్గర అద్దంలా మెరుస్తున్న అలుగు మీద 400 నాటి గీత ఒకటి తేలడం ఈ పనిలో అందరికీ ఎదురయ్యే ఉసూరు; మళ్లీ వెనక్కి వెళ్లడం తప్ప వేరే దారి లేదు.

అద్దపు మెరుపు కావాలా, పాత ముదురు రంగు ఉంచాలా అన్నది అభిరుచి. నా ఓటు రెండోదానికి. గుంటలన్నీ మాయమయ్యేదాకా రుద్దితే అలుగు పలుచబడుతుంది, గీతల పదును పోయి తయారీ ముద్ర అలుక్కుపోతుంది, వెన్ను మందం తగ్గితే ఇందాకటి కోణం లెక్క కూడా తప్పుతుంది. ఎర్ర తుప్పు పోయి, చెయ్యి పెడితే నునుపుగా తగిలితే అక్కడితో ఆపేయవచ్చు.

పిడి ఉంచాలా, మార్చాలా

బాగున్న పిడిని ఊడదీయకండి, అంతే. రివెట్ల తలలు అరగదీసి తీసేటప్పుడు పాత కొమ్ము పిడులు నిలువునా పగులుతాయి. తిరిగి రివెట్ కొట్టడం దానికదే నేర్చుకోవాల్సిన పని. పిడి మధ్యకు చెవులు శుభ్రం చేసే పుల్లల్ని, బట్టపేలికల్ని దూర్చి లోపలి మురికి తీయవచ్చు.

సెల్యులాయిడ్ (పాతకాలపు ప్లాస్టిక్) పిడి ఒక్కటే దీనికి మినహాయింపు. పాతబడ్డ సెల్యులాయిడ్ విచ్ఛిన్నమవుతూ ఆమ్ల వాయువులు వదులుతుంది. కత్తి మడిచినప్పుడు పిడి లోపల దాగే భాగంలోనే తుప్పు విపరీతంగా ఉండి, పిడి బయటికి పొడుచుకొచ్చే తోక శుభ్రంగా ఉంటే, పిడి తెరవగానే కర్పూరమో ఘాటైన వాసనో తగిలితే అనుమానించాల్సింది అదే. ఆ పిడిని అలాగే ఉంచితే మీరెంత మెరిపించినా అలుగు మళ్లీ తుప్పు పడుతుంది, పక్కన పెట్టిన వేరే కత్తులకూ అంటుకుంటుంది. తీసి పారేయాలి, నిప్పుకు దూరంగా. సెల్యులాయిడ్ భగ్గుమని మండుతుంది. కొత్త పిడికి యాక్రిలిక్ రేకు తేలిక. కర్ర అందంగా ఉంటుంది గానీ తడికి ఉబ్బుతుంది.

పాత ఇంగ్లిష్ కత్తుల్లో పిడి చివర రెండు బద్దల మధ్య సీసపు ముక్క ఉండవచ్చు. దాన్ని పొడిగా రుద్దవద్దు, ముట్టుకున్నాక చేతులు కడుక్కోండి. పిడి దంతపుదైతే, 1990లో అమల్లోకి వచ్చిన అంతర్జాతీయ నిషేధం కారణంగా దాన్ని దేశాల మధ్య అమ్మడం, పంపడం చిక్కుతో కూడిన వ్యవహారం. కొనేముందే గుర్తుంచుకోండి.

సాన: ఫిల్మా, కృత్రిమ రాయా, సహజ రాయా?

గాజు పలక మీద అంటించే ల్యాపింగ్ ఫిల్ములు (సన్నటి రాపిడి పొడి పూసిన పలుచటి ప్లాస్టిక్ రేకులు) అన్నిటికంటే చవకైన ఆరంభం. 12, 9, 3, 1 మైక్రాన్ల చొప్పున దిగుతూ పోవచ్చు. గాజు చదునుగా ఉంటుంది కాబట్టి రాయిని సమం చేసే బాధ లేదు. గాటు పడ్డ వాదరను మొదటి నుంచీ తేల్చాలంటే మాత్రం ఫిల్ము త్వరగా అరిగిపోతుంది, ఆ పనికి రాయే కావాలి. కృత్రిమ రాళ్లలో 1000 నంబరుదానితో వాదర తేల్చి, 4000, 8000, 12000 మీద మెరుగు పెడతారు. వీటిని తరచూ వజ్రపు పలకతో సమం చేస్తుండాలి: రాయి మీద పెన్సిల్‌తో గళ్లు గీసి, అన్ని గీతలూ చెరిగేదాకా రుద్దితే చదునైనట్టు. బెల్జియం ఆర్డెన్ కొండల్లో దొరికే కోటిక్యూల్, జర్మనీలోని తురింజియా రాయి వంటి సహజ రాళ్ల మీద అభిమానం ఎక్కువే, కోటిక్యూల్‌లోని గార్నెట్ రేణువులు నిజంగానే కమ్మటి వాదర ఇస్తాయి. అయితే ఏ రెండు సహజ రాళ్లూ ఒక్కలా ఉండవు. రాయి గుణమే తెలియని చోట, తప్పు మీదో దానిదో ఎలా తెలుస్తుంది? కొత్తవారికి నేను చెప్పేది: 1000 రాయి ఒకటి, ఆపైన ఫిల్ములు.

వాదర తేలిందో లేదో కళ్లకు కట్టేది మార్కరు సిరా. వాదర వాలుకు (రాయి అరగదీసిన అంచు పట్టీకి) రెండువైపులా నల్లసిరా పూసి, రాయి మీద బరువు లేకుండా రెండుసార్లు లాగండి. సిరా వెన్ను వైపు మాత్రమే పోయి చివరి అంచున సన్నటి నల్లదారంలా మిగిలితే రాయి ఇంకా వాదరను చేరలేదు. మడమ దగ్గర పోయి కొన దగ్గర మిగిలితే అలుగు వంకరగా ఉంది, లేదా మీ చెయ్యి ఒకవైపే మొగ్గుతోంది. 1000 మీద ఈ సిరా చివరిదాకా సమంగా చెరగకుండా పై నంబర్లకు వెళ్లడం వృథా శ్రమ. ఆఖరున తోలుపట్టా మీద మెరుగు. అక్కడ కత్తిని వెన్ను ముందుకు నడపాలి, తిప్పేటప్పుడు కూడా వెన్ను మీదే.

వెన్నుకు ఇన్సులేషన్ టేపు ఒక పొర అంటించి సాన పట్టాలా వద్దా అన్నదానిపై రెండు వర్గాలు ఉన్నాయి. టేపు వెన్నును అరగకుండా కాపాడుతుంది, కోణాన్ని కాస్త పెంచుతుంది. 1000 మీద గట్టి పని ఉన్నప్పుడు టేపు ఉండటమే మంచిదని నా అభిప్రాయం, వెన్ను మీద చెక్కడాలుంటే తప్పనిసరి.

మొదటి కత్తికి తుప్పు తీసి, రుద్ది, పాలిష్ మీరే చేసి, సాన మాత్రం తెలిసినవారికి ఇవ్వడంలో నామోషీ ఏమీ లేదు. ఇవ్వాలనే నేను చెబుతాను; మంచి వాదర ఎలా ఉంటుందో చేతికి తెలియకపోతే రెండో కత్తికి మీరు పెట్టే పదునును దేంతో పోల్చుకుంటారు? పంపేముందు స్పిరిట్‌తో తుడవండి, పాత కత్తి ఎవరి చర్మాలు చూసిందో తెలియదు. తిరిగి తీసుకునేటప్పుడు టేపు వేసి పట్టారో లేకుండా పట్టారో అడిగి రాసిపెట్టుకోండి. టేపుతో పెట్టిన పదునును తర్వాత టేపు లేకుండా రాయి మీద పెడితే రాయి వాలు పైభాగాన్ని మాత్రమే తాకుతుంది, వాదర అంచు దాకా చేరదు.